కుడి పక్కకే పోవే!

ఒమాన్ రావడానికి మా అక్క ఒకటే షరతు పెట్టింది: "డ్రైవర్ వద్దు. నువ్వు నడుపుతానంటేనే వస్తా." పోయినేడు రాజస్థాన్‌లో మమ్మల్ని తిప్పిన డ్రైవరు రోజుకి మూడు చీరల కొట్ల ముందు బండి ఆపాడన్న కోపం తనకింకా చల్లారలేదు. నేను విజయవాడలో ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నాను. సాయంత్రం ఆరింటికి బెంజి సర్కిల్ దాటగలిగినదాన్ని ఎక్కడైనా నడపగలనన్న ధీమా ఒకటి ఉండేది. అక్కకి డ్రైవింగ్ రాదు. పక్క సీట్లో కూర్చుని నడిపించడం మాత్రం పుట్టుకతోనే వచ్చు.

జనవరి, విజయవాడ

కాగితాల దగ్గరే నాకు మొదటి తలనొప్పి. లైసెన్సులో నాది పుట్టింటి ఇంటిపేరు. పాస్‌పోర్టులో అత్తవారిది. ఇక్కడ ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. బయట దేశంలో కారు తీసుకోవాలంటే పాస్‌పోర్టు, లైసెన్సు, క్రెడిట్ కార్డు మూడింటి మీదా ఒకటే పేరుండాలి. నా కార్డేమో మావారి ఖాతా మీద ఇచ్చినది, అయినా అదృష్టవశాత్తూ దాని మీద నా పేరే ఉంది. లైసెన్సులో పేరు మార్పించడానికి డిసెంబరంతా సరిపోయింది. పెళ్లయ్యాక పాస్‌పోర్టు తీసుకున్న ఆడవాళ్లంతా ఒకసారి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

తర్వాత ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. ఫీజు 1,000 రూపాయలు, చెల్లుబాటు ఏడాది. చేతికొచ్చింది చిన్న పుస్తకం. అందులో మన లైసెన్సు సంగతే నాలుగైదు భాషల్లో ఉంటుంది, అంతే. ఒట్టిగా అదొక్కటే తీసుకెళ్తే పనికిరాదు, అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. లైన్లో నా వెనక నిలబడ్డ పెద్దాయన, "మీవారికోసమా అమ్మా?" అని అడిగారు. నాకేనంటే, "అక్కడ కుడిపక్కన నడపాలి తెలుసుగా?" అన్నారు. తెలుసండీ అన్నాను. తెలియడం వేరు, చేతులకు తెలియడం వేరని మస్కట్‌లో అర్థమైంది.

ఫిబ్రవరి 5, బుధవారం, మస్కట్

విమానాశ్రయంలో కారు కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు కేరళవాడు. నా మూడు కాగితాలనీ పక్కపక్కన పెట్టి, పేరు మీద పెన్ను మొన ఆనిస్తూ అక్షరం అక్షరం పోల్చాడు. డిసెంబరంతా తిరిగిన శ్రమకి ఆ అర నిమిషంలో ఫలితం దక్కింది. పక్క కౌంటర్లో ఒక ఉత్తరాది జంట డెబిట్ కార్డు ఇస్తే తీసుకోలేదు. భార్య కార్డు ఇస్తామన్నారు. నడిపేది భర్త కాబట్టి అదీ కుదరదన్నారు. మేం కారెక్కేటప్పటికి కూడా వాళ్లు అక్కడే ఉన్నారు.

మాది చిన్న తెల్ల సెడాన్. రోజుకి 13 రియాల్స్, ఆరు రోజులకి 78. ఒక రియాల్ మాకు 226 రూపాయల దాకా పడింది, అంటే పదిహేడు వేల ఆరొందలు. రోజుకి 200 కిలోమీటర్ల హద్దు. కార్డు మీద 150 రియాల్స్ డిపాజిట్‌గా పట్టి ఉంచారు. ఆపైన రోజుకి 3 రియాల్స్‌తో "ఫుల్ కవర్" ఇన్సూరెన్స్. ఫుల్ అంటే ఏమేం కాదో చెప్పమన్నాను. కుర్రాడు నవ్వి కాగితం తిప్పాడు. వెనక సన్న అక్షరాల్లో ఉంది: టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం మనవే. పోలీసు రిపోర్టు లేకపోతే చిన్న గీతకి కూడా ఇన్సూరెన్స్ రాదు. మట్టి దారి దిగితే అసలు మాటే లేదు. "మేడమ్, టైరు మాత్రం మీదే," అని ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పాడు. పాపం, ఏ నోటితో అన్నాడో.

బండి ఇచ్చేటప్పుడు నేను ఫోన్‌లో చుట్టూ వీడియో తీశాను. వెనక తలుపు కింద వేలెడంత గీత ఉంది. "చిన్నదేలెండి" అన్నాడు. చిన్నదే, అయినా కాగితం మీద వెయ్యమన్నాను. డిక్కీలో స్టెప్నీ, జాకీ, పాన ఉన్నాయో లేదో చూశాం. ముందు డ్రాయర్లో ముల్కియా ఉంది. గల్ఫ్‌లో మనవాళ్లందరి నోట్లో నలిగే మాట ఇది, బండి రిజిస్ట్రేషన్ కార్డు. ఎవరు ఆపినా మొదట అడిగేది దాన్నే.

బయటికి పోకుండా పార్కింగ్‌లోనే ఇరవై నిమిషాలు తిరిగాను. అక్కకి విసుగొచ్చింది కానీ నా వరకు ఆ ఇరవై నిమిషాలకి విలువ కట్టలేను. స్టీరింగ్ ఎడమ పక్క. గేరు కుడి చేతికి. బండి ఆటోమేటిక్, క్లచ్ లేదు. నా ఎడమ కాలు అలవాటు కొద్దీ క్లచ్ కోసం వెతికి బ్రేకు మీద పడింది. అక్క తల డాష్‌బోర్డుకి తగలబోయింది. ఆ క్షణం నుంచి ఎడమ కాలిని సీటు కిందకి మడిచేసి కూర్చున్నాను. ఇండికేటర్ వేద్దామంటే వైపర్ తిరిగింది, ఇంట్లో నా కారుకి ఇండికేటర్ కాడ కుడి పక్క మరి. వానచుక్క లేని దేశంలో వైపర్ కిర్రుకిర్రుమంటూ తిరుగుతుంటే పక్క కార్లో చిన్నపిల్లలు నవ్వారు. అక్క లెక్కపెట్టడం మొదలెట్టింది. హోటలు చేరేసరికి పదకొండు.

విచిత్రం ఏమిటంటే సుల్తాన్ ఖబూస్ వీధిలో అంత ట్రాఫిక్‌లో నాకేమీ భయమెయ్యలేదు. ముందువాడు ఎటు పోతే అటు పోవడమే. హారన్ మోత లేదు, లైను తప్పేవాడు లేడు. రౌండబౌట్ల దగ్గర మాత్రం ఒక సూత్రం: లోపల తిరుగుతున్నవాడిదే దారి, బయటివాడు ఆగాలి. మనకి అలవాటైన "ముందు ముక్కు దూర్చు" పద్ధతి అక్కడ చెల్లదు.

రాత్రి మత్రా రేవు దగ్గర నడిచాం. అక్కడి సూక్‌లో, అంటే బజారులో, అడుగడుక్కీ సాంబ్రాణి పొగ. లుబాన్ అంటారు, ధోఫార్ ప్రాంతపు చెట్ల నుంచి కారే బంక. అక్క వాసన చూసి, "మన ఇంట్లో శుక్రవారం సాయంత్రంలా ఉందే" అంది. అర కిలో కొంది కూడా.

ఫిబ్రవరి 6, గురువారం, నిజ్వా దారి

పొద్దున సుల్తాన్ ఖబూస్ గ్రాండ్ మసీదు. ముస్లిమేతరులకి పొద్దున 8 నుంచి 11 దాకే, శుక్రవారం ఉండదు. ఆడవాళ్లు తల కప్పుకోవాలి, మణికట్టు దాకా, చీలమండ దాకా బట్ట ఉండాలి. నా కుర్తీ చేతులు పొట్టివని గుమ్మం దగ్గరే వెనక్కి పంపారు. అక్క తన శాలువా ఇచ్చి, "నేను ముందే చెప్పాను" అంది. చెప్పలేదు.

తర్వాత 15వ నంబర్ హైవే ఎక్కాం. నల్లని నున్నని రోడ్డు, రెండు పక్కలా ఎండిన గోధుమరంగు కొండలు. టోల్ గేట్లు లేవు. హద్దు 120. బండి 120 దాటగానే లోపల టింగ్ టింగ్ మని గంట మోగడం మొదలైంది. నేను ఏదో చెడిపోయిందనుకుని పక్కకి తీసి ఆపేశాను. గల్ఫ్ దేశాల కోసం తయారుచేసే చాలా కార్లలో ఆ గంట ఉంటుందట. అక్కకి అది తెగ నచ్చింది. "నా పని తగ్గింది, ఇక గంటే చూసుకుంటుంది" అని సీటు వెనక్కి వాల్చింది. గుర్తుపెట్టుకోండి, ఈ గంట సంగతి మళ్లీ వస్తుంది.

మధ్యలో బంకు. మనిషొచ్చి పోస్తాడు, మనం దిగనక్కర్లేదు. 91 రకం పెట్రోలు లీటరు 229 బైసాలు. వెయ్యి బైసాలు ఒక రియాల్. అంటే లీటరు 52 రూపాయలు. విజయవాడలో 109 పోసి వచ్చినవాళ్లం, ఆ మీటరు చూస్తూ ఇద్దరం అలాగే కూర్చుండిపోయాం.

టీ తాగే పద్ధతి చెప్పాలి. "కాఫీ షాప్" అని బోర్డు ఉన్న చిన్న కొట్టు ముందు బండి ఆపి, ఒక్కసారి మెల్లగా హారన్ కొడితే కుర్రాడొచ్చి కిటికీ దగ్గర ఆర్డర్ తీసుకుంటాడు. అక్కకి మొదట నచ్చలేదు. "మనిషిని హారన్ కొట్టి పిలవడమేంటే" అని తనే దిగి లోపలికెళ్లింది. లోపలున్న పదిమంది మగవాళ్లు ఒక్కసారి మాటలాపేశారు. కొట్టతను కంగారుగా "మేడమ్, కార్, కార్" అంటూ వెంటబెట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత అక్కే హారన్ కొట్టించేది. కరక్ అంటే యాలకులేసి బాగా మరిగించిన పాల టీ. దాంతోపాటు పరోటా. పరోటాలో క్రీమ్ చీజ్ రాసి, చిప్స్ ఒమాన్ అనే కారప్పొడి బంగాళాదుంప చిప్స్ నలిపి చల్లి, చుట్ట చుట్టి ఇస్తారు. వినడానికి అదోలా ఉంటుంది. రెండు టీలు, రెండు పరోటాలు కలిపి రియాల్ కూడా కాలేదు, నేను ఇంకోటి తెప్పించుకున్నాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం, నిజ్వా

శుక్రవారం పొద్దున నిజ్వా కోట పక్కన పశువుల సంత. ఆరున్నరకే బయల్దేరాం. వీధిలో పిట్ట లేదు. గెస్ట్‌హౌస్ గేటు దాటి ఎడమకి తిరిగాను. తిరిగి, చక్కగా, ఏ అనుమానమూ లేకుండా ఎడమ పక్కన పోతున్నాను. అంతా సవ్యంగానే అనిపించింది, అదీ భయంకరం. ఇరవై ఏళ్లుగా ఎక్కడుంటానో అక్కడే ఉన్నాను కదా. అక్క సంచీలో కళ్లజోడు వెతుక్కుంటోంది.

ఎదురుగా ఒక పికప్ వచ్చింది. వెనక రెండు మేకలు. నేను "వీడేంటి రాంగ్ రూట్లో" అని తిట్టుకున్నాను కూడా. పికప్ ఆగింది. హారన్ లేదు, లైట్లు కొట్టలేదు. నడుపుతున్న ముసలాయన తెల్లటి పొడుగు అంగీ, అదే దిష్‌దాషా వేసుకుని, తలకి కాశ్మీరీ శాలువాలాంటి మస్సర్ చుట్టుకుని ఉన్నాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అరచెయ్యి తెరిచి, మనం అతిథికి పీట చూపించినట్టు అటు పక్క లైన్ చూపించాడు. నేను అటు మారేదాకా ఆగాడు. చెయ్యి గుండె మీద పెట్టుకుని తలూపి వెళ్లిపోయాడు. అప్పటికి అక్క కళ్లజోడు దొరికింది. "ఏమైందే?" అంది. ఏంలేదన్నాను. నా కాళ్లు వణుకుతున్నాయి.

ట్రాఫిక్‌లో తప్పు చెయ్యం, ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్లు దారి చూపిస్తుంటారు. ఖాళీ రోడ్డే ముంచుతుంది. అందులోనూ పొద్దున్నే మొదటి మలుపు, బంకులోంచి బయటికి వచ్చే మలుపు, టీ తాగి బయల్దేరిన మలుపు. ఎడమకి తిరిగినప్పుడు మరీనూ. ఆ రోజు నుంచి ఒక ఏర్పాటు చేసుకున్నాం. బండి కదిలిన ప్రతిసారీ అక్క గట్టిగా "కుడి పక్కకే పోవే!" అనాలి, నేను "ఊఁ" అనాలి. ఊఁ వినబడితేనే బండి కదలాలి. డ్రైవర్ రోడ్డు మధ్య గీత వైపు కూర్చోవాలి, ఇది ఇంకో కొండగుర్తు. నా భుజం పక్కన మట్టి అంచు కనబడితే తప్పు పక్కనున్నట్టే.

సంతలో గుండ్రటి అరుగు, దాని చుట్టూ దారి. అమ్మేవాళ్లు మేకల్నీ పొట్టేళ్లనీ తాడుతో పట్టుకుని చుట్టూ తిప్పుతూ ధర అరుస్తుంటారు. కొనేవాళ్లు మధ్యలో ఆపి, పళ్లు చూసి, వీపు నొక్కి, బేరం కుదరకపోతే పోనిస్తారు. మన పుంగనూరు వైపు సంతలకి దీనికీ తేడా తిరగడంలోనే ఉంది, ఇక్కడ సరుకే మన చుట్టూ తిరుగుతుంది. ఆ తిరిగేవాళ్లలో మా ముసలాయన కనబడ్డాడు, నల్ల మేకతో. నన్ను గుర్తుపట్టి నవ్వి, మళ్లీ అదే చెయ్యి కుడివైపు చూపించాడు. అక్క చూసింది. చెప్పక తప్పలేదు. అక్క ఆయనకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

ఆనందం అక్కడితో ఆగింది. పార్కింగ్‌లో కుడి పక్క ఎంత చోటుందో అంచనా తప్పి ముందు టైరు అంచు రాతికి గట్టిగా రాసుకుంది. ఎడమ పక్క కూర్చునేవాళ్లకి కుడి చక్రాలు ఎక్కడున్నాయో తెలియడానికి వారం పడుతుంది. దిగి చూస్తే టైరు పక్క భాగంలో నిమ్మకాయంత ఉబ్బు. పంక్చరైతే అతుకెయ్యొచ్చు, ఉబ్బుకి మందు లేదు, టైరు మార్చాల్సిందే. శుక్రవారం పొద్దున కొట్లన్నీ మూత. స్టెప్నీ వేయించడానికి మేం జాకీ తియ్యగానే అడక్కుండానే ముగ్గురు వచ్చారు. ఒకాయన తెల్ల దుస్తుల మీద మరక పడకుండా అంచు నడుముకి దోపుకుని పని కానిచ్చేశాడు. డబ్బివ్వబోతే నొచ్చుకున్నాడు.

సాయంత్రం ఫిర్ఖ్ వైపు టైర్ల కొట్టు తెరిచాక కొత్తది వేయించాం. 22 రియాల్స్. అయిదు వేలకి దగ్గర. కౌంటర్ కుర్రాడి మాట చెవిలో గింగురుమంది. వేయించేముందు కంపెనీకి ఫోన్ చేసి, సైజు, బ్రాండు అడిగి, బిల్లు తీసుకున్నాం. లేకపోతే తిరిగిచ్చేటప్పుడు మళ్లీ కట్టించుకుంటారని కొట్టతనే చెప్పాడు.

కోట చూశాం, టికెట్టు 5 రియాల్స్. పదిహేడో శతాబ్దపు లావుపాటి గుండ్రటి బురుజు, మెట్ల దారిలో తలుపు తలుపుకీ పైన కన్నం, శత్రువు మీద మరిగే ఖర్జూర పాకం పొయ్యడానికట. అక్క అంది: "పాకం వేస్ట్ చేసుకున్నారు."

ఫిబ్రవరి 8, శనివారం, జెబెల్ అఖ్దర్

బిర్కత్ అల్ మౌజ్ ఊరు దాటగానే కొండ మొదట్లో పోలీసు చెక్‌పోస్ట్. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే పైకి పంపరు. నాకు తెలుసు. అయినా రోడ్డంతా తారే కదా, వెనక్కి పంపుతారా అని వెళ్లాను. ముల్కియా చూసి చాలా మర్యాదగా పంపేశారు. సరైన పనే. ఎక్కడం సమస్య కాదు, దిగడం సమస్య. మామూలు బండి బ్రేకులు ఆ ఏటవాలుకి వేడెక్కి పనిచెయ్యడం మానేస్తాయి. అందుకే దారిలో అక్కడక్కడ బ్రేకు పోయిన బండి ఎక్కి ఆగడానికి మట్టి ర్యాంపులు కట్టారు.

చెక్‌పోస్ట్ పక్కనే స్థానికులు ల్యాండ్ క్రూజర్లతో ఉంటారు. 30 అడిగారు, 20 రియాల్స్‌కి రానుపోను కుదిరింది. నడిపినాయన ఎక్కగానే ఫ్లాస్కులోంచి చిన్న గిన్నెల్లో కహ్వా, అంటే అక్కడి కాఫీ, పోశాడు, ఖర్జూరాలు ఇచ్చాడు. గిన్నె ఖాళీ అయితే మళ్లీ పోస్తాడు. అక్క మొహమాటంతో అయిదు తాగింది. ఇక చాలంటే గిన్నెని అటూ ఇటూ ఊపి ఇవ్వాలట, ఆరోది పోస్తుంటే మాకు ఆయనే చేసి చూపించాడు.

సైఖ్ పీఠభూమి రెండు వేల మీటర్ల ఎత్తు. గులాబీలు ఏప్రిల్‌లోనట, మేం వెళ్లినప్పుడు మెట్ల పొలాల్లో దానిమ్మ చెట్లు ఆకు లేకుండా నిలబడి ఉన్నాయి. అల్ అయ్న్ ఊళ్లో ఫలజ్ కాలువ నీళ్లు గలగలా పారుతున్నాయి. వంతులు వేసుకుని పొలాలకి పెట్టుకుంటారు. అక్క కాలవగట్టున కూర్చుని కాళ్లు పెట్టబోయి ఆగింది, తాగే నీళ్లేమోనని. మంచిపని చేసింది, కిందింటివాళ్లు బిందె ముంచుకున్నారు.

దిగేటప్పుడు ఆయన గేరు కిందకి వేసి, కాలు బ్రేకు మీంచి తీసేసి, నాకేసి చూసి "ఇంజన్ బ్రేక్" అన్నాడు. మన శ్రీశైలం ఘాట్‌లో లారీవాళ్లు చేసేదీ ఇదే.

ఫిబ్రవరి 9, ఆదివారం, ఇబ్రా మీదుగా ఇసుకలోకి

సినావ్ దారిలో రోడ్డు అక్కడక్కడ పల్లంలోకి దిగి లేస్తుంది. ఆ పల్లం అంచుల్లో ఎరుపూ తెలుపూ చారల స్తంభాలు. పొడి నేలలో ఇవెందుకా అనుకున్నాను. ఇబ్రాలో టీ తాగుతుంటే తెలిసింది.

అక్కడ హారన్ కొడితే వచ్చినతను, మేం ఇంకా ఆర్డర్ చెప్పకుండానే, "ఏం కావాలండీ?" అన్నాడు. రాజోలు దగ్గర ఊరు, పదకొండేళ్లుగా అక్కడే. మేం తెలుగువాళ్లమని ఎలా తెలిసిందంటే కాస్త సిగ్గుపడి, "సర్వీస్ రోడ్లో ఎడం పక్కనుంచి వచ్చారండీ. ఇండియా వాళ్లనుకున్నాను. దగ్గరికొస్తే అక్కగారు తిడుతున్నారు, అప్పుడు తెలుగని తెలిసిందండీ," అన్నాడు. ఆ రోజు పొద్దుట్నుంచీ మూడుసార్లు ఊఁ అన్నాను, నాలుగోసారి అక్క అడగలేదు. తప్పు ఎవరిదన్న దాని మీద మాకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

స్తంభాలు వాదీల్లో, అంటే వానొస్తేనే పారే వాగుల్లో, నీటి లోతు చూపించడానికి. ఎక్కడో కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లొచ్చేస్తాయి. 2024 ఏప్రిల్‌లో అక్కడికి దగ్గర్లోని సమద్ అల్ షాన్‌లో బడిపిల్లలు వరదలో కొట్టుకుపోయిన సంగతి చెప్పాడు. "నీళ్లు కనబడితే ఆగిపోండి. ఎంత సేపైనా సరే. పెద్ద బండివాడు దిగాడు కదా అని దిగొద్దండీ." పారే వాదీలోకి బండి దింపడం అక్కడ నేరం కూడా. టీ డబ్బులు తీసుకోలేదు. అక్క తన సంచీలోంచి ఆవకాయ పొట్లం తీసి ఇచ్చేసింది. మిగిలిన మూడు రోజులూ నేను దాని గురించి బాధపడ్డాను.

బిదియా దగ్గర మా కారుని బంకు పక్కన వదిలేశాం. గుడారాల క్యాంపువాళ్లు తమ బండి పంపారు, రానుపోను 10 రియాల్స్. ఇసుక మొదట్లో ఆ కుర్రాడు దిగి నాలుగు టైర్లలోనూ గాలి బుస్సున తీసేశాడు, సగానికి సగం. మెత్తబడ్డ టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో దిగబడదు. చిన్న కార్లతో ఇసుకలోకి దిగి ఇరుక్కున్న టూరిస్టుల్ని లాగడం వాళ్లకి రోజువారీ ఆదాయమట. రాత్రి పుల్లకి గుచ్చి బొగ్గుల మీద కాల్చిన మాంసం ముక్కలు, మిష్కాక్ అంటారు, పైన చుక్కలు, వణికించే చలి. ఒంటె ఎక్కలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం, సూర్

పొద్దున్నే బయల్దేరితే రోడ్డు మీద మూడు ఒంటెలు. హడావిడి లేదు, పక్కకి జరగడం లేదు. రాత్రిపూట ఈ రోడ్ల మీద నడపొద్దని అందరూ ఎందుకు చెప్పారో తెలిసింది. వాటి కాళ్లు మాత్రమే లైట్లలో పడతాయి, ఒళ్లు పైన చీకట్లో ఉంటుంది.

సూర్ ఓడలు కట్టే ఊరు. ఇప్పటికీ రేవు పక్కన చెక్క ధో ఓడల కార్ఖానా ఉంది. పనిచేస్తున్న వడ్రంగుల్లో ఎక్కువమంది మన దేశంవాళ్లే. మధ్యాహ్నం ఫ్యామిలీ గదిలో నేల మీద కూర్చుని భోజనం: నిమ్మకాయ అన్నం, కాల్చిన చేప. అక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "వంజరం!" అని కేకేసింది. అవును, అక్కడ కనద్ అంటారు. ఇద్దరికీ 5 రియాల్స్. కూర్చున్న పద్ధతీ, కుడి చేత్తో కలుపుకునే పద్ధతీ మనదే కాబట్టి వడ్డించినతను చెంచాలు తీసేసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు వైపర్ ఒక్కసారే తిరిగింది.

ఫిబ్రవరి 11, మంగళవారం, మళ్లీ మస్కట్

వాదీ షాబ్ దగ్గర హైవే వంతెన కిందే పార్కింగ్. రానుపోను పడవకి మనిషికి ఒక రియాల్, దాటడానికి రెండు నిమిషాలు. లోపల రాళ్ల మీద ముప్పావు గంట నడక. అక్క సగం దాకా వచ్చి ఖర్జూరపు నీడలో ఆగిపోయింది. నేను ఆకుపచ్చ మడుగుల దాకా వెళ్లొచ్చాను. బిమ్మా గుంట దగ్గర టికెట్ లేదు, మెట్లు దిగితే నీలం నీళ్లు, చేపపిల్లలు వచ్చి కాళ్లు గిల్లుతాయి. అక్కడ అక్క బాగా ఆడుకుని, కారెక్కగానే నిద్రపోయింది.

మస్కట్‌లో బండి కడిగించాం, 2 రియాల్స్. ఇసుకంతా తుడిపించి, ట్యాంకు నిండా పోయించి, తాళాలిచ్చే ముందు మళ్లీ వీడియో తీశాను. కొత్త టైరు బిల్లు చూపించాను. వెనక తలుపు గీతని ఇంకో అతను వేలితో తడిమి నాకేసి చూశాడు. మొదటి రోజు కాగితం తీసి ఇచ్చాను. ఆరు రోజుల్లో 870 కిలోమీటర్లు తిరిగాం.

ఇదంతా అయిపోయిందనుకుంటుంటే నిన్న కార్డు మెసేజ్ వచ్చింది. డిపాజిట్ వెనక్కిచ్చారు, 15 రియాల్స్ తక్కువగా. ఈమెయిల్‌లో వివరం: స్పీడ్ కెమెరా జరిమానా 10, దాన్ని మాకు తెలియజేసినందుకు కంపెనీ సర్వీస్ చార్జి 5. ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 1:48, ఖురియాత్ దగ్గర. నేను ఒట్టేసి చెప్పగలను, గంట మోగలేదు. అదే కదా చిక్కు. గంట 120కే మోగుతుంది. అక్కడ హద్దు 100కి దిగింది, నేను బోర్డు చూడకుండా గంటని నమ్ముకుని కూర్చున్నాను.

అక్కకి ఫోన్ చేసి, ఖర్చులన్నీ చెరిసగం అనుకున్నాం కదా అని గుర్తుచేశాను. "ఒంటిగంటా నలభై ఎనిమిదికా? అప్పుడు నేను నిద్రపోతున్నానే. అది మొత్తం నీదే," అంది.